జవాబు రాని రోజుల సాక్ష్యం



ఈ స్మారక ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ తల్లి కుటుంబం నన్ను అడిగింది ఒక్కటే. వేదిక మీద ఆమె పేరు ఎత్తి పొగడవద్దని. బతికున్నప్పుడు ఆమె కోరుకున్నదీ అదేనట. ఊరూరా నడిచి వాక్యం చెప్పిన బైబిల్ ఉమెన్ ఆమె. అంతవరకే చెప్పి ఆ కోరిక గౌరవిస్తాను. కమిటీవారు ఇచ్చిన విషయం మాత్రం పెద్దది. శ్రమలూ, దేవుని కోసం కనిపెట్టుకొని ఉండడమూ విశ్వాసాన్ని ఎలా బలపరుస్తాయో చెప్పమన్నారు.

ఇందులో సగాన్నే నేను ఒప్పుకుంటాను. శ్రమ దానంతటదే ఎవరినీ బలపరచదు. శ్రమలో విరిగిపోయినవాళ్లను మీరూ చూశారు, నేనూ చూశాను. పంట పోయి, అప్పు పెరిగి, మందుసీసా దగ్గర ఆగిపోయిన రైతు ఇంటికి వెళ్లి శ్రమలు ఓర్పు నేర్పుతాయని చెప్పగల ధైర్యం ఏ బోధకుడికైనా ఉంటే, ఆ ధైర్యాన్ని నేను మెచ్చుకోలేను. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో బోటు మునిగి అరవై మందికి పైగా పోయారు. ఆ ఇళ్లల్లో కొన్ని ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఆ నీళ్లు వాళ్లకు పాఠం చెప్పడానికి వచ్చాయని నేను అనను, అననివ్వను. ఐతే అలాంటి నీళ్లలోంచే విశ్వాసం గట్టిపడి బయటికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఏం దొరికింది? విరిగిపోయినవాళ్లకు ఏం దొరకలేదు? ఇవాళ వెతకాల్సింది అది.

ఈ ప్రశ్న అడగడానికి కొల్లాపూర్ సరైన చోటే. ఎదురుచూడడం అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పక్కనే కృష్ణ పారుతుంటే చేను ఎండడం చూసిన తరాలు మీవి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి, ఎక్కడో డ్యాం కట్ట మీద మట్టి మోసి వానల నాటికి తిరిగొచ్చిన పాలమూరు లేబర్ మీ తాతలు. వాళ్లు కట్టిన ప్రాజెక్టుల నీళ్లు వేరేవాళ్ల పొలాల్లోకి వెళ్లాయి. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఉత్తరం కోసం, మనియార్డరు కోసం, వచ్చే మనిషి కోసం చూశారు. అందుకే ఈ ఊళ్లో నేను మిషనరీల చరిత్ర చెబితే, మట్టిపని తెలిసిన చెవులతో మీరు వింటారు. ఈ చరిత్రలో అసలు ఘట్టం నడిచింది కూడా ఒక కాలువ తవ్వకంలోనే.

తెలుగు క్రైస్తవ చరిత్రలో నిరీక్షణ అనగానే అందరూ చెప్పేది నెల్లూరు కథ. దాన్ని తొందరగా దాటేస్తాను, మీలో చాలామందికి సండే స్కూల్లోనే తెలుసు కనుక. మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగాడు. శ్రీకాకుళంలో, మద్రాసులో ఉండి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో బాప్టిస్టు మిషన్ పెద్దలకు విసుగొచ్చింది. ఖర్చు ఎక్కువ, ఫలం తక్కువ అన్నారు. మూసేద్దామా అన్న చర్చ ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఎవరో పటం మీద నెల్లూరును చూపించి ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ రాత్రే శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ మాట మీద పద్యం రాశాడు. మిషన్ నిలిచింది. ఆ పద్యం వల్లే నిలిచిందని చెప్పుకోవడం మనకు ఇష్టం. కవిత్వం మీద నాకూ గౌరవమే. కానీ 1862లో మళ్లీ మూసివేత మాట వచ్చినప్పుడు దాన్ని ఆపింది నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ మొండితనం. మీరు పంపకపోయినా సరే, నేను వెళ్లి తెలుగువాళ్ల మధ్యే బతికి అక్కడే చస్తానని ఆయన కూర్చున్నాడు. ఆ మొండితనం ముందు బోర్డు తగ్గింది. ఆయన తిరిగి వస్తూ జాన్ ఎవరెట్ క్లౌ అనే కొత్త మిషనరీని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ 1865లో నెల్లూరు చేరారు.

నేను ఆగాలనుకున్నది ఒంగోలు కొండ దగ్గర. 1854 జనవరి 1, తెల్లవారుజామున ఆ కొండ మీద ప్రార్థన చేసినవాళ్లు ఐదుగురు. జూయెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఉజ్జీవ సభల్లో ఈ సంగతి చెప్పేటప్పుడు జూయెట్ పేరు బిగ్గరగా వినిపిస్తుంది, మిగతా నలుగురూ గుంపైపోతారు. కానీ ఆలోచించండి. ఆ ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. నడుమ జూయెట్ అమెరికా వెళ్లాడు, బోర్డుతో వాదించాడు, తెలుగు కొత్త నిబంధన సవరణ పని చేశాడు. చేతిలో పని ఉన్నవాడికి ఎదురుచూపు బరువు తెలియదు. జూలియా, రూతు, నర్సు మాత్రం ఇక్కడే ఉన్నారు. మూసేస్తారో ఉంచుతారో తెలియని మిషన్‌లో, దొరలు వెళ్లిపోతే తమ గతేమిటో తెలియకుండా, పొద్దున లేచి బడి నడిపి, ఇంటింటికీ తిరిగి చెప్పిందే మళ్లీ చెప్పారు. నిరీక్షణ అన్న మాటకు ఆ ముగ్గురి దినచర్యే నాకు తెలిసిన అర్థం.

ఆ పన్నెండేళ్లలో ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల అవతల ఇంకొక మనిషి వెతుక్కుంటున్నాడు. యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. కులం గడప దాటనివ్వని రోజుల్లో యోగం నేర్చుకున్నాడు. ఆయనకు గురువు ఒక స్త్రీ. పోతులూరి వీరబ్రహ్మం తర్వాత ఈ నేల మీద పుట్టుకొచ్చిన గురుమార్గాల గాలి అది. కులం కంటే లోపలి వెలుగు పెద్దదని చెప్పేవాళ్ల దగ్గర ఆయన ఏళ్లు గడిపాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల నోట సువార్త విన్నాడు. విన్నది పట్టుకుని ఇంటికి వచ్చి భార్య నాగమ్మకు చెప్పాడు. చుట్టుపక్కల మనుషులకు చెప్పాడు. తర్వాత ఒంగోలుకు దొరలు వచ్చారని తెలిసి నడిచి వెళ్లాడు. 1866లో భార్యాభర్తలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అదే ఏడు క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం మొదలైంది. అదే నెలలో పేరయ్య ఊరి వైపు 28 మంది బాప్తిస్మం పొందారు.

కొండ మీద ఐదుగురు అడిగింది అమెరికా నుంచి ఒక మనిషిని. ఆ మనిషి వచ్చాడు కూడా. కానీ పల్లెల తలుపులు తెరిచింది పేరయ్య. ఆయన ముందుగా ఆ మాదిగ గూడేల్లో నడిచి ఉండకపోతే క్లౌ ఎంత గొప్పవాడైనా ఒంగోలు బంగళాలో కూర్చుని ఉత్తరాలు రాసుకునేవాడు. కొండ మీదవాళ్లకు పేరయ్య సంగతి తెలియదు, పేరయ్యకు కొండ సంగతి తెలియదు. ప్రార్థన చేసేవాడు తాను అడిగినచోటే చూస్తూ కూర్చుంటాడు. జవాబు వేరే దారిలో, వేరే గురువు దగ్గర యోగం నేర్చుకుంటూ తయారవుతూ ఉంటుంది. ఈ మాట విని కొందరు పాస్టర్లు ముఖం ముడుచుకోవచ్చు. యోగంలోంచి సువార్తకు దారి ఉందా అని అడగవచ్చు. పేరయ్యకు ఉంది. ఆయన జీవితం అలా నడిచింది, మనం దాన్ని మన సౌకర్యం కోసం సవరించలేం.

ఇక కాలువ.

1876లో వానలు తప్పాయి. 1877లో మళ్లీ తప్పాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చచ్చారు. మన పక్క కర్నూలు, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఒకపక్క గింజలు ఓడలెక్కి పోతున్నాయి, ఇంకోపక్క సర్కారు ఖర్చు తగ్గించే లెక్కలు వేస్తోంది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనికి వచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను గింజలూ చిల్లర డబ్బులూ చాలన్నాడు. పౌను అంటే అరకిలో కంటే తక్కువ. ఆ తిండితో రోజంతా మట్టి మోయాలి. కార్నిష్ అనే డాక్టరు ఇది మనిషిని చంపే కొలత అని గట్టిగా ఎదురు చెప్పాడు. ఈ గొడవ కాగితాల మీద నడుస్తుండగా పని దగ్గర మనుషులు పడిపోతూనే ఉన్నారు.

అప్పుడు సర్కారు కరువు పనిగా తీరం వెంట బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాంట్రాక్టరు కావడమేమిటని ఆయన్ను తప్పుపట్టినవాళ్లున్నారు. కానీ ఆయన ఒకప్పుడు సర్వే పని చేసిన మనిషి, కొలతలూ మట్టి లెక్కలూ తెలిసినవాడు. తన ఉపదేశులనే గుంపులకు మేస్త్రీలుగా పెట్టాడు. గుడిసెలు వేశారు, బావులు తవ్వారు. చేసిన పనికి కూలి చేతికి అందేది. మాదిగపల్లెలకు మాదిగపల్లెలే లేచి వచ్చాయి. అలాంటి మట్టిపని చేసిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి కనుక మీకు తెలుసు. మేస్త్రీ మంచివాడైతే ఆ ఏడు బతుకుతాం, చెడ్డవాడైతే అప్పుతో తిరిగొస్తాం. మధ్యాహ్నం పార పక్కన పెట్టి నీడన కూర్చున్నప్పుడు ఆ ఉపదేశులు, అంటే కొలత వేసే మేస్త్రీలే, యేసు గురించి మాట్లాడారు. విన్నవాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు.

క్లౌ ఇవ్వనన్నాడు.

కరువు ఉన్నంతకాలం, చేతిలో కూలి డబ్బులూ సహాయనిధీ ఉన్నంతకాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు. మనవాళ్లు ఈ సంగతిని క్లౌ నిజాయితీకి గుర్తుగా చెబుతారు. అది నిజమే. అన్నం పెట్టే చెయ్యి, నీళ్లలో ముంచే చెయ్యి ఒకటే అయితే, ముంచబడ్డవాడు ఎందుకు వచ్చాడో అతనికే తెలియకుండా పోతుంది. ఆయనకు ఆ భయం ఉంది.

అయితే ఈ పదిహేను నెలల్లో నిజంగా ఎదురుచూసింది ఎవరు? క్లౌ కాదు. ఆయనకు కాలువ ఉంది, లెక్కలున్నాయి, మద్రాసుకు ఉత్తరాలున్నాయి. ఎదురుచూసింది ఆ కూలీలు. ఊళ్లో గుడి మెట్లెక్కనివ్వలేదు, బావి దగ్గరికి రానివ్వలేదు. చివరికి ఒక తలుపు కనిపిస్తే ఆ తలుపు దగ్గర నిలబడ్డ దొర కూడా ఇంకా కొన్నాళ్లు ఆగమన్నాడు. అడిగినవాళ్లలో కొందరు కరువులోనూ దాని వెంట వచ్చిన జబ్బుల్లోనూ ఆ నీళ్లు చూడకుండానే పోయారు. మిషన్ చరిత్రల్లో వాళ్లకు చోటు తక్కువ. అంకెలు బాప్తిస్మం పొందినవాళ్లవే ఉంటాయి. పొందాలని ఉండి పొందకుండా పోయినవాళ్లను దేవుడు ఏ రిజిస్టరులో రాసుకున్నాడో ఆయనకు తెలుసు. మన రిజిస్టరులో లేరు కనుక వాళ్ల విశ్వాసం చిన్నదని మాత్రం నేను ఒప్పుకోను.

1878లో వానలు పడ్డాయి. సహాయం పంచడం ఆపేస్తూ క్లౌ తన ఉపదేశుల్ని గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి రమ్మన్నాడు. ఒంగోలుకు పది మైళ్ల దూరం. కొత్తవాళ్లను తీసుకురావద్దని చెప్పి పంపాడు. వేలమంది వచ్చారు. ఇంక ఇచ్చేదేమీ లేదు, ఇళ్లకు పొండి అన్నాడు. డబ్బు అడగం, తిండి అడగం, మావాళ్లు ఎందరో పోయారు, రేపు మేము కూడా పోవచ్చు, అంతకు ముందు బాప్తిస్మం కావాలని వాళ్లు చెట్ల కింద కూర్చున్నారు. ఇక్కడ నాకు నచ్చింది వాళ్లు కదలకపోవడం. దొర మాటకు ఎదురు చెప్పడం ఆ కాలంలో మాదిగవాడికి మామూలు పనా? పదిహేను నెలలు ఆగమంటే ఆగారు. ఆగాల్సిన కారణం తీరిపోయాక మాత్రం ఇక ఆగం అన్నారు. ఎక్కడ ఓర్చుకోవాలో, ఎక్కడ పట్టుబట్టాలో వాళ్లకు తెలిసింది. విశ్వాసం బలపడింది అని నేను చెప్పదలచింది దీన్నే. దాన్ని ఎవరూ వాళ్లకు బోధించలేదు.

జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. రెండో రోజు లెక్క ప్రపంచమంతా తెలిసింది. ఆరుగురు ఉపదేశులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. పొద్దున మొదలుపెట్టి, ఎండలో కాసేపు ఆపి, సాయంత్రం దాకా ఇచ్చారు. క్లౌ ఒడ్డునే ఉన్నాడు, తాను దిగలేదు. ఆ రోజు బాప్తిస్మం ఇచ్చిన చేతులన్నీ తెలుగు చేతులే.

ఇప్పటికీ మనల్ని బియ్యం కోసం మతం మారినవాళ్లని అనేవాళ్లున్నారు. మీ పిల్లలు కాలేజీలో ఆ మాట పడి ఇంటికొస్తే ఏం చెబుతారు? నేనైతే తేదీలు చెబుతాను. బియ్యం ఉన్నప్పుడు వద్దన్నారు, బియ్యం అయిపోయాక ఇచ్చారు. ఆ పదిహేను నెలలు మన పూర్వీకులు కాలువ గట్టు మీద మోసిన సాక్ష్యం. దీన్ని చెప్పడానికి కోపం కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఈ మనుషులకు ఏం దొరికింది? మూడు సంగతులు కలిసి వచ్చాయని నాకు తోస్తుంది. చేతికి పని దొరికింది. పక్కన అదే మట్టి మోసే మనిషి దొరికాడు. ఆ మనిషి నోట మాట దొరికింది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కరువు కరువే. టెంపుల్ కొలత తిన్న శిబిరాల్లో శ్రమకు తక్కువేం లేదు. అక్కడ విశ్వాసం పెరగలేదు, శవాలే పెరిగాయి. శ్రమే గురువైతే ఆ శిబిరాలు మహాత్ములతో నిండి ఉండాలి.

యాకోబు పత్రిక మొదట్లో శోధనల్ని సంతోషంగా ఎంచుకోమనే మాట ఉంది. రోమా పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు శ్రమ నుంచి ఓర్పుకు, ఓర్పు నుంచి నిలకడకు, అక్కడి నుంచి నిరీక్షణకు మెట్లు కడతాడు. ఈ రెండు చోట్లనీ మనం ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఒంటరి మనిషికి చదివి వినిపిస్తాం. అవి రాసింది ఒంటరి మనిషికి కాదు. సంఘమంతా ఒకచోట చేరి వినడానికి రాసినవి అవి. చెదిరిపోయి బతుకుతున్న జనానికి యాకోబు రాశాడు, ఎప్పుడూ చూడని సంఘానికి పౌలు రాశాడు. శ్రమ ఒకరిది, ఓర్పు అందరిదీ అన్న లెక్క మీదే ఆ మెట్లు నిలబడతాయి. రోగి చుట్టూ ఎవరూ లేకుండా మొదటి మెట్టు మీద అతన్ని నిలబెట్టి, ఎక్కు నాయనా అని మనం ఇంటికి వెళ్లిపోతే, అతను జారిపడడంలో వాక్యం తప్పేమీ లేదు.

యోబు స్నేహితుల్ని అందరం తిడతాం. కానీ వాళ్లు వచ్చిన కొత్తలో ఏడు రోజులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. నా లెక్కలో ఆ ఏడు రోజులు మొత్తం గ్రంథంలో వాళ్లు చేసిన మంచి పని. నోరు విప్పి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే అంతా చెడింది. కారణాలు చెప్పే సేవకులు మనకు తక్కువేం లేరు. నేల మీద కూర్చునేవాళ్లు కావాలి.

ఈ నేల మీద అలా కూర్చున్నవాళ్లు ఉన్నారు. అమెరికన్ బాప్టిస్టులు 1885లో పాలమూరులో పని మొదలుపెట్టారు. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండకు వచ్చాడు. రష్యా సామ్రాజ్యంలోని, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు ఆయన్ను పంపాయి. వాటి వెనకే అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ వచ్చారు. డేనియల్ బెర్గ్‌తోల్డ్ 1904లో ఈ దేశం చేరి, నాగర్‌కర్నూలును కేంద్రం చేసుకుని నాలుగు దశాబ్దాలు పనిచేశాడు. 1920లో అక్కడే బైబిలు బడి పెట్టాడు. తర్వాత అది శంషాబాద్ వెళ్లింది. మీ సంఘాల్లో పాత ఉపదేశుల గురువులు ఆ బడిలోంచి వచ్చినవాళ్లే. డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ 1907లో వచ్చింది. నాగర్‌కర్నూలులోను, శంషాబాద్‌లోను వైద్యం చేసింది. 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూసింది. ఆమె దగ్గరికి వచ్చిన రోగులందరూ క్రైస్తవులు కాలేదు. ఆమె మందు ఇవ్వడం ఆపలేదు. నాగర్‌కర్నూలు కేంద్రం కొల్లాపూర్‌కు దూరమేం కాదు. ఆ బండ్లబాటల మీద తిరిగినవాళ్ల గురించి మీ ఇళ్లల్లో నాకంటే ఎక్కువ తెలుసు.

ఫ్రీసెన్‌ను పంపిన ఆ సంఘాల గతి కూడా చెప్పాలి, మన సభల్లో అది చెప్పగా నేను వినలేదు. నల్గొండకు కానుకలు పంపిన ఆ రష్యా రైతులు 1917 విప్లవంలోను, అంతర్యుద్ధంలోను ఊళ్లకు ఊళ్లు దోపిడీకి గురయ్యారు. 1921, 22లలో ఉక్రెయిన్‌లో కరువు వచ్చింది. వాళ్లకు గంజి పోయడానికి అమెరికాలోని మెన్నొనైట్లు 1920లో ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ల కిందట తెలుగునేలకు సువార్త పంపినవాళ్లు గిన్నె పట్టుకుని వరుసలో నిలబడ్డారు. తర్వాత ఎందరో సైబీరియా శిబిరాల్లో పోయారు. వాళ్లు చేసిన పాపం ఏమిటి? ఏమీ లేదు. పాలమూరు, నల్గొండ సంఘాలు నిలబడ్డాయి, వాటిని నాటినవాళ్ల ప్రార్థనా మందిరాలు గోదాములైపోయాయి. ఇలాంటి లెక్కను సరిచేసే వాక్యం నా దగ్గర లేదు. ఉందని చెప్పేవాళ్ల దగ్గర నేను కొంచెం జాగ్రత్తగా ఉంటాను.

ఇంకొక్క సంగతి, కొల్లాపూర్‌లో నిలబడి చెప్పకపోతే తప్పవుతుంది. దేవుని కోసం కనిపెట్టుకొని ఉండడం వేరు, మనిషి ఇవ్వాల్సినదాని కోసం నోరు మూసుకుని ఉండడం వేరు. 1981లో శ్రీశైలం డ్యాం నీళ్లు వచ్చినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. లక్ష మంది దాకా ఇళ్లు వదిలారు. జటప్రోలు గుళ్లను రాయి రాయిగా విప్పి వేరేచోట కట్టారు. దేవుళ్లకు పునరావాసం సక్రమంగా జరిగిందని ముంపు మనుషులు వేళాకోళమాడేవారు. ఇంటికొక ఉద్యోగమని 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో నంబరును చంటిపిల్లలా మోసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ముసలివాళ్లయినవాళ్లు ఈ సభలోనే ఉండవచ్చు. దళిత క్రైస్తవుల సంగతీ ఇంతే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనవాళ్లు బీసీ-సి సర్టిఫికెట్టుతో ఆగిపోయారు. వీటి గురించి అడిగితే, దేవుని సమయం కోసం ఆగు బిడ్డా అని చెప్పే కాపరిని నేను కాపరి అనను. లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో విధవరాలు అన్యాయపు న్యాయాధిపతి గుమ్మం వదలలేదు. విసుగకుండా ప్రార్థించడానికి యేసు చూపిన మనిషి ఆమె. మోకాళ్ల మీద ఉన్నదాని కంటే ఆమె కోర్టు గుమ్మంలో నిలబడ్డదే మనకు కనిపిస్తుంది. వెల్లంపల్లి చెట్ల కింద కదలకుండా కూర్చున్నవాళ్లూ ఆమె తోబుట్టువులే.

ముగించే ముందు ఈ సంఘానికి ఒక మనవి. మన కూడికల్లో సాక్ష్యం చెప్పమని ఎవర్ని పిలుస్తాం? ఉద్యోగం వచ్చినవాణ్ని, గడ్డ కరిగిపోయినదాన్ని, వీసా దొరికిన పిల్లవాడి తండ్రిని. జవాబు వచ్చినవాళ్లకే మైకు. రానివాళ్లు వెనక బెంచీ మీద కూర్చుని, తమ విశ్వాసంలో ఏదో లోపముందని అనుకుంటూ చప్పట్లు కొడతారు. ఏళ్లు గడిచేకొద్దీ బెంచీ ఇంకొంచెం వెనక్కి జరుగుతుంది, తర్వాత గుమ్మం దాటిపోతుంది. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం విశ్వాసవీరుల జాబితా అని పిల్లలకు కంఠతా పట్టిస్తాం. ఆ జాబితాలో ఉన్నవాళ్లు వాగ్దానం చేతికందకుండానే పోయారని అదే అధ్యాయం చెబుతుంది. మన సాక్ష్యాల కూడికలో అబ్రాహాముకు కూడా మైకు దొరికేది కాదేమో.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మన సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. పిల్లలు బుట్టలోంచి తీసుకుని లైటు కింద చదువుకుంటారు. ఆ ఆచారం ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఈసారి కార్డులు పంచే ముందు, పోయిన ఏడాది తీసుకున్న కార్డులోని మాట ఇంకా నెరవేరనివాళ్లలో ఒకర్ని ముందుకు పిలవండి. ముంబై నుంచి కొడుకు ఇంకా తిరిగిరాని తల్లినో, డయాలసిస్‌కు వారానికి రెండుసార్లు మహబూబ్‌నగర్ వెళ్లి వస్తున్న మనిషినో. ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి. మధ్యలో హల్లెలూయా అని అందుకుని మాట పూర్తిచేయవద్దు. చివర్లో పాస్టరుగారు అర్థం చెప్పవద్దు. ఆ మనిషి వెళ్లి కూర్చున్నాక పక్కన ఖాళీ ఉంటే, పెద్దల్లో ఒకరు వెళ్లి ఆ ఖాళీలో కూర్చోండి. ఆరాధన ముగిశాక ఆ ఇంటికి ఏ రోజు ఎవరు వెళ్తారో అక్కడే పేర్లు రాసుకోండి.